బాలదాయము: తల్లిదండ్రుల మరణానంతరము సంతానమునకు సంక్రమించు స్వత్వము

జమ్మికుంట ప్రాంతమున పట్టాదారుడు మరణించినప్పుడు అతని భూమిని వారసుల పేరిట నమోదు చేయించుటకు తహశీల్దారు కార్యాలయమున పెట్టుకొను దరఖాస్తును జనులు నేటికిని 'విరాసత్' అనియే వ్యవహరింతురు. నిజాము పాలనాకాలపు రెవెన్యూ వ్యవహారములతో తెలంగాణమున స్థిరపడిన ఈ అరబీ శబ్దమునకు వారసత్వమని అర్థము. 'వారసుడు' అను తెలుగు మాటయు ఆ ధాతువునకే చెందిన 'వారిస్' శబ్దమునుండి వచ్చినదే. ఇదే ప్రాంతమున జ్ఞాతులను 'పాలోళ్లు' అందురు. పాలు పంచుకొనువారు కనుక పాలివారు. సంస్కృతమున దాయమునకు అర్హుడు దాయాదుడు. తెలుగున 'దాయ' శబ్దమునకు జ్ఞాతి యనియు శత్రువనియు రెండర్థములను నిఘంటుకర్తలు చూపియున్నారు. ఆస్తిని పంచుకొనవలసిన దగ్గరివాడే ఆ ఆస్తికొరకు పగవాడగుట లోకమున ఎంత సామాన్యమో ఆ ఒక్క శబ్దము తెలుపుచున్నది.

పంపకమున పెద్దలు పెద్దలతో వాదింపగలరు. తండ్రినో తల్లినో కోల్పోయిన పసివాడు వాదింపలేడు. వాని పాలు ఎంతయో వానికి తెలియదు. తెలిసిన నాటికి అది చేతులు మారియుండవచ్చును. కావుననే ప్రాచీన ధర్మశాస్త్రకారులును, ఆధునిక శాసనకర్తలును ఈ విషయమున ప్రత్యేక శ్రద్ధ వహించిరి. సంతానమునకు హక్కు ఎప్పుడు కలుగును, ఎంత కలుగును, ఆ సంతానము ఎదుగువరకు దానిని ఎవరు కాపాడవలయును అను మూడు ప్రశ్నలు ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

దాయ శబ్దము - స్వత్వవాదములు

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అను వ్యాఖ్యను రచించెను. సబ్బినాడని పేరొందిన నేటి కరీంనగరు ప్రాంతము నాడు ఆ చాళుక్యుల సామ్రాజ్యమున భాగము. కాకతీయులు వారికి సామంతులు. 13వ శతాబ్దమున తిక్కన శిష్యవర్గమునకు చెందిన కేతన ఈ గ్రంథము నాధారముగా గొని తెలుగున పద్యరూపమున విజ్ఞానేశ్వరీయమును రచించెను. ధర్మశాస్త్రము తెలుగు మాటలలో తెలుగువారికి అందుట నాటినుండియే కలదు. హైదరాబాదు రాజ్యమునందును 1956 వరకు హిందూ కుటుంబముల వారసత్వమునకు మితాక్షరయే ప్రధాన ప్రమాణముగా నిలిచెను.

స్వామితో గల సంబంధమే నిమిత్తముగా ఏ ధనము ఇతరునికి స్వమగునో అది దాయమని విజ్ఞానేశ్వరుని నిర్వచనము. ఆయన దానిని రెండు విధములుగా విభజించెను. తండ్రి, తాతల ధనమున పుత్రపౌత్రులకు గల హక్కు అప్రతిబంధ దాయము. అది పుట్టుకతోనే కలుగును. పినతండ్రికి, సోదరునికి కలుగు హక్కు సప్రతిబంధ దాయము. స్వామియు, అతని సంతానమును లేనప్పుడే అది ఫలించును. మొదటి దానిని జన్మస్వత్వవాదమందురు.

వంగదేశీయుడైన జీమూతవాహనుడు తన దాయభాగమున ఈ వాదము నంగీకరింపలేదు. స్వామి యుపరమమే, అనగా మరణమే, పుత్రుని స్వత్వమునకు హేతువని ఆయన మతము. ఇది ఉపరమస్వత్వవాదము. 'దాయ' శబ్దమునకు ఇయ్యబడునది అని వ్యుత్పత్తి చెప్పుచునే, మృతుడు నిజముగా ఇచ్చుట లేదు కనుక ఇచట దానార్థము గౌణమని జీమూతవాహనుడు వివరించెను. ఈ సూక్ష్మము గమనింపదగినది. ఒక మతమున పుట్టుక, మరియొక మతమున మరణము హేతువైనను, ఉభయ మతములందును వారసుని హక్కు మూడవవాని అనుగ్రహము వలన కలుగునది కాదు. జ్ఞాతులు అంగీకరించిన దినమునగాని, పెద్దలు తీర్పు చెప్పిన దినమునగాని అది పుట్టదు.

1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టము ఈ రెండు వాదములకును చోటిచ్చినది. ఆరవ సెక్షను ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో కలుగు హక్కును నిలిపినది. ఎనిమిదవ సెక్షను వీలునామా వ్రాయక మరణించిన పురుషుని ఆస్తి అతని మరణక్షణముననే ప్రథమశ్రేణి వారసులకు చెందునని విధించినది. జీవించియున్న కుమారులు, కుమార్తెలు, భార్య, తల్లి ఈ శ్రేణిలోనివారు. వీరికి తలకొక సమభాగము. తండ్రికంటె ముందే మరణించిన కుమారుని లేక కుమార్తె యొక్క సంతానము ఆ మృతుని పాలును పొందును. మృతుని తండ్రియు, సోదరులును ద్వితీయశ్రేణిలోనివారు. ప్రథమశ్రేణిలో ఒక్కరున్నను వీరికి పాలు లేదు. అనగా బిడ్డ బ్రతికియుండగా మృతుని అన్నదమ్ములకు అతని భాగమున వారసత్వపు హక్కు లేదు. విజ్ఞానేశ్వరుని సప్రతిబంధ దాయమునకు ఇది నేటి రూపము.

కుమార్తె పాలు

సోదరులు తమ భాగములనుండి నాల్గవవంతును అవివాహిత సోదరికి ఈయవలయునని మనువును, యాజ్ఞవల్క్యుడును విధించిరి. ఇది వివాహవ్యయమునకు మాత్రమేనని కొందరు వ్యాఖ్యాతలు సంకోచింపగా, విజ్ఞానేశ్వరుడు దానిని ఖండించి, తండ్రి మరణానంతరము కన్యయు భాగమునకు అర్హురాలేయని నిర్ణయించెను. తల్లి స్త్రీధనమునందైతే మితాక్షర కుమార్తెలకే ప్రథమస్థాన మొసగినది. వారిలోను అవివాహితకు ముందుగా చెందును.

కుమారులు లేని తండ్రికి కుమార్తె వారసురాలగుటకు జమ్మికుంటకు దూరము కాని ఓరుగల్లే దృష్టాంతము. పుత్రసంతానము లేని గణపతిదేవుని తరువాత అతని కుమార్తె రుద్రమదేవి రాజ్యమేలెను. ఆమెకును పుత్రులు లేకుండుటచే కుమార్తె ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని స్వీకరించి వారసుని గావించెను. 1289లో రాజ్యమునకు వచ్చిన ఆ ప్రతాపరుద్రుడు దౌహిత్రుడు. పుత్రికను, దౌహిత్రుని వంశకర్తలుగా నెంచు పుత్రికా సంప్రదాయము శాస్త్రమున నుండుటయే కాదు, ఆచరణమునందును నుండెనని ఇది చూపుచున్నది. అయితే ఆ గౌరవము పుత్రుడు లేని చోట మాత్రమే లభించినది. పుత్రుడుండగా కుమార్తెకు సమభాగమను మాట మరి ఏడు శతాబ్దములు వేచియుండవలసివచ్చినది.

ఆ మాటను మొదట శాసనముగా చేసిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ కలదు. 1986లో చేయబడి, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించిన రాష్ట్ర సవరణ చట్టము ఆ నాటికి వివాహము కాని కుమార్తెను కుమారునివలెనే పుట్టుకతో ఉమ్మడి ఆస్తి దాయాదురాలిని గావించినది. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన కేంద్ర సవరణ ఈ హక్కును వివాహితలకును, దేశమంతటికిని విస్తరించినది. 2004 డిసెంబరు 20కి పూర్వము జరిగిన విభజనలను, విక్రయములను మాత్రము అది కదల్చలేదు. 2005 నాటికి తండ్రి జీవించియుండవలయునా అను సందేహమును వినీతా శర్మ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 2020 ఆగస్టు 11న తీర్చినది. హక్కు పుట్టుక వలన కలిగినది కనుక తండ్రి జీవించియుండుట అవసరము కాదని దాని నిర్ణయము. కట్నమిచ్చితిమి కావున ఆడపిల్లకు పాలు లేదను వాదమునకు చట్టమున ఆధారము లేదు. ఆమె తన హక్కును వదులుకొనదలచినచో రిజిస్టరు చేసిన పత్రము మూలముననే వదులుకొనవలయును. అదియు యుక్తవయస్కురాలైన పిదపనే.

ఒక ఉదాహరణము

ఈ సూత్రములు భూమిమీద ఎట్లు వర్తించునో లెక్క వేసినగాని స్పష్టము కాదు. పత్తి విపణికి ప్రసిద్ధమైన జమ్మికుంట పరిసరమున ఒక పత్తిరైతును ఊహింపవచ్చును. తన తండ్రి జీవితకాలముననే జరిగిన ఉమ్మడి కుటుంబ విభజనలో అతనికి ఆరెకరములు వచ్చినవి. తరువాత రెండెకరములు స్వయముగా కొనెను. తల్లి, భార్య, పదునైదేండ్ల కుమారుడు, పదునొకండేండ్ల కుమార్తె గలరు. వీలునామా లేకుండ అతడు మరణించెను.

ఆరెకరములు పిత్రార్జితము. అందు అతనికిని, కుమారునికిని, కుమార్తెకును సమానస్వత్వము కలదు. మరణమునకు పూర్వక్షణమున విభజన జరిగినట్లు చట్టము భావించును. భార్యకు ఆ విభజనలో పాలు లేదను దాక్షిణాత్య సంప్రదాయము ననుసరించినచో తలకు రెండెకరములు. మృతుని రెండెకరములు, స్వార్జితమైన రెండెకరములు, మొత్తము నాలుగెకరములు వారసత్వమునకు వచ్చును. దీనికి వారసులు నలుగురు, తలకొక ఎకరము. కనుక కుమారునికి మూడెకరములు, కుమార్తెకు మూడెకరములు, భార్యకు ఒక ఎకరము, తల్లికి ఒక ఎకరము.

గ్రామములలో సామాన్యముగా జరుగునది వేరు. కర్మ ముగిసిన దినములలోనే పెద్దలు కూర్చుండి, పిల్లలు చిన్నవారు కనుక భూమి అంతయు తల్లి పేరిటనో, పెదతండ్రి పేరిటనో వ్రాయించుట మేలని తలంతురు. వారి యుద్దేశము మంచిదే కావచ్చును. కాని పై లెక్కలో ఎనిమిదెకరములలో ఆరెకరములు ఇద్దరు పిల్లలవి. తల్లిది ఒక్క ఎకరము. పెదతండ్రిది ఏమియు లేదు.

ఇచట ఒక భేదమును గుర్తింపవలయును. తాత 1956 తరువాత మరణించి, అతని స్వార్జితము ఎనిమిదవ సెక్షను ప్రకారము తండ్రికి వారసత్వముగా వచ్చియుండినచో అది తండ్రికి స్వార్జితముతో సమానమని 1986లో చందర్ సేన్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. అట్టి భూమిలో పిల్లలకు పుట్టుకతో హక్కు లేదు. తండ్రి మరణముతోనే కలుగును. తాతనుండి వచ్చినదంతయు పిల్లలకు పుట్టుకతో చెందునను లోకాభిప్రాయము సరికాదు. తన భాగమును, స్వార్జితమును వీలునామా మూలమున ఇతరులకిచ్చు అధికారమును తండ్రికి ముప్పదవ సెక్షను ఇచ్చినది. అట్లిచ్చినను, ఆ ఆస్తిని పొందినవారు మైనరు సంతానమును ఆ ఆస్తినుండి పోషింపవలయునని 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టము విధించుచున్నది.

తల్లి మరణించినప్పుడు ఆమె ఆస్తి కుమారులకు, కుమార్తెలకు, భర్తకు సమానముగా చెందునని పదునైదవ సెక్షను చెప్పుచున్నది. ఆమె పుట్టినింటినుండి పొందిన భూమియు బిడ్డలున్నచో అట్లే బిడ్డలకును, భర్తకును వచ్చును.

గర్భస్థ శిశువు

విభజనకాలమున సోదరుని భార్య గర్భవతియై యున్నచో ప్రసవమువరకు వేచి పంచుకొనవలయునని వసిష్ఠుని విధి. విజ్ఞానేశ్వరుడు దీనిని గ్రహించి, విభజన తరువాత జన్మించిన వాని పాలును గూడ చర్చించెను. 1956 చట్టము ఇరువదవ సెక్షనున, మరణమునాటికి గర్భమున నుండి తరువాత ప్రాణముతో జన్మించిన శిశువును మరణమునకు ముందే జన్మించినట్లుగా భావింపవలయునని శాసించినది.

పై ఉదాహరణమున రైతు భార్య గర్భవతి యని తలచినచో లెక్క అంతయు మారును. ఆరెకరములు, అనగా 240 గుంటలు, నలుగురికి తలకు 60 గుంటలు. మృతుని 60 గుంటలు, స్వార్జితము 80 గుంటలు కలిసి 140. ఐదుగురు వారసులకు తలకు 28 గుంటలు. ముగ్గురు పిల్లలకు ఒక్కొక్కరికి 88 గుంటలు, తల్లికి, నాయనమ్మకు 28 గుంటల వంతున. కనుక ప్రసవమునకు ముందు తొందరపడి చేసిన పంపకము పుట్టబోవు బిడ్డకు రెండెకరముల ఎనిమిది గుంటలను లేకుండ చేయును. వసిష్ఠుని విధి ఎంత వ్యవహారజ్ఞానముతో కూడినదో ఈ అంకెలు చెప్పుచున్నవి.

బాలధన రక్షణము

హక్కు కలుగుట ఒక విషయము, నిలుచుట మరియొకటి. బాలుని దాయధనమును అతడు గురుకులమునుండి మరలివచ్చువరకు లేక బాల్యము గడచువరకు రాజు కాపాడవలయునని మనువు ఎనిమిదవ అధ్యాయమున విధించెను. కౌటిల్యుడు మరింత వివరముగా చెప్పెను. వ్యవహారవయస్సు రాని వారి భాగమును, అప్పులు పోను మిగిలిన దానిని, తల్లి బంధువుల యొద్దగాని గ్రామవృద్ధుల యొద్దగాని ఉంచవలయునని అర్థశాస్త్రము. తండ్రి వైపు జ్ఞాతులను అతడు పేర్కొనకుండుట యాదృచ్ఛికము కాకపోవచ్చును. బాలుని పాలుతో పోటీ గలవాడు దానికి కావలివాడు కారాదను న్యాయము అందు ధ్వనించుచున్నది. నారదుడు పదునారవ సంవత్సరము వరకు బాలుడనెను. 1875 నాటి భారత మెజారిటీ చట్టము పదునెనిమిదేండ్లుగా నిర్ణయించినది.

నేడు రాజు స్థానమున న్యాయస్థానము కలదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము తండ్రి లేని మైనరునకు సహజసంరక్షకురాలు తల్లియే. 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము తల్లి స్థానమును మరింత బలపరచినది. కాని సంరక్షకత్వము స్వామ్యము కాదు. మైనరు స్థిరాస్తిని విక్రయించుటకు, తాకట్టు పెట్టుటకు, దానము చేయుటకు, ఐదేండ్లకు మించి కౌలుకిచ్చుటకు తల్లియైనను ముందుగా న్యాయస్థానము అనుమతిని పొందవలయును. అవసరము లేక మైనరునకు స్పష్టమైన లాభము ఉన్నప్పుడే ఆ అనుమతి లభించును. అనుమతి లేని విక్రయమును మైనరు పెద్దవాడైన పిదప రద్దు చేయించుకొనవచ్చును. పదునెనిమిదేండ్లు నిండిన నాటినుండి మూడేండ్లు, అనగా ఇరువదియొకటవ ఏడు నిండులోపల ఆ వ్యాజ్యమును వేయవలయును. ఉమ్మడి కుటుంబమున విడివడని పాలునకు మాత్రము ఈ అనుమతి నియమము వర్తింపదు. అచట కర్త కుటుంబావసరమును రుజువు చేయవలయును.

పెదతండ్రి, పినతండ్రి, మేనమామ, తాత వీరెవ్వరును సహజసంరక్షకులు కారు. తండ్రి లేదని వీరే పెద్దలై మైనరు పాలును అమ్మినచో, ఆ చట్టపు పదునొకండవ సెక్షను ప్రకారము ఆ విక్రయము ఆదినుండియే చెల్లదు. తెలంగాణమున తెల్లకాగితముపై వ్రాసుకొను సాదాబైనామా మూలమున ఇట్టి విక్రయము జరిగినచో కొన్నవాడును నష్టపోవును.

తండ్రి ఋణము

పత్తి పండు నేలలో తండ్రి మరణము తరువాత ఇంటికి మొదట వచ్చువాడు పలుమారులు అప్పులవాడే. కనుక ఋణవిషయము ప్రత్యేకముగా విచారింపదగినది. తండ్రి ఋణమును తీర్చుట పుత్రపౌత్రులకు ధర్మమని స్మృతులు చెప్పినవి. అందును మినహాయింపులు కలవు. మద్యపానమునకు, జూదమునకు, కామమునకు చేసిన ఋణములు పుత్రునికి అంటవు. వ్యవహారవయస్సు రానివాడు స్వతంత్రుడైనను ఋణబాధ్యుడు కాడని నారదుని మతము.

2005 సవరణ ఈ ధర్మఋణ సిద్ధాంతమునే తొలగించినది. ఆ తరువాత చేసిన తండ్రి, తాతల అప్పులకు, ధర్మము పేరిట పుత్రపౌత్రులపై ఏ న్యాయస్థానమును చర్య తీసికొనరాదు. అప్పులవాడు మృతుడు విడిచిన ఆస్తిమీద మాత్రమే పోగలడు. వారసులు పొందిన ఆస్తి యెంతయో వారి బాధ్యతయు అంతే. పిల్లవానికి పుట్టుకతో వచ్చిన సొంతపాలును తండ్రి అప్పునకు వ్రాయించుకొనుటకుగాని, మైనరుచేత కొత్త ప్రామిసరీ నోటు వ్రాయించుకొనుటకుగాని హక్కు లేదు. మైనరు వ్రాసిన ఒప్పందము చట్టమున చెల్లదు. ఈ సంగతి తెలియనందున, ఊరిలో మాటపడునని భయపడి, విధవరాలు పిల్లల భూమిని అప్పు క్రింద వ్రాసి యిచ్చుట కద్దు.

దత్తుడు మొదలగు సంతానము

దత్తుడు దత్తత దినమునుండి ఆ యింటి బిడ్డ. కన్నవారింటి వారసత్వము అతనికి పోవును. దత్తతకు పూర్వమే తనకు చెందిన ఆస్తి మాత్రము నిలుచును. ఈ ప్రాంతమున దీనికి సుప్రసిద్ధ దృష్టాంతము పి.వి. నరసింహారావు. లక్నేపల్లిలో 1921లో జన్మించిన ఆయన బాల్యమున వంగర గ్రామమున పాములపర్తి వారికి దత్తుడై, ఆ యింటి భూమికి వారసుడాయెను. ముఖ్యమంత్రిగా (1971-73) భూసంస్కరణలకు పూనుకొన్నది ఆ భూస్వామ్య వారసుడే.

మొదటి భార్య యుండగా చేసికొన్న రెండవ వివాహము చెల్లదు. కాని ఆ వివాహమున పుట్టిన బిడ్డలు హిందూ వివాహ చట్టము పదునారవ సెక్షను ప్రకారము ధర్మసంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో, తండ్రికి ఊహాత్మక విభజనలో వచ్చు ఉమ్మడి భాగమునందు గూడ వారికి పాలు కలదని 2023 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. తాత, పినతండ్రుల ఆస్తిపై మాత్రము వారికి హక్కు లేదు. తల్లి మరల వివాహము చేసికొన్నను, మొదటి భర్త సంతానముగా ఆ పిల్లల పాలు తగ్గదు.

ఇతర ధర్మములు, ఆదివాసులు

ముసల్మానుల ధర్మమున పుట్టుకతో హక్కు లేదు; వారసత్వము మరణముతోనే ఆరంభమగును. కుమార్తె పాలు కుమారుని పాలులో సగము. తాత జీవించియుండగా తండ్రి మరణించి, పినతండ్రి యున్నచో మనుమలకు తాత ఆస్తిలో వారసత్వము లేదు. అందుచే వారి కొరకు తాత తన ఆస్తిలో మూడవవంతు మించకుండ వసీయతు వ్రాయుట మంచిది. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. భార్యకు మూడవవంతు, మిగిలిన రెండువంతులు కుమారులకు, కుమార్తెలకు సమానముగా చెందును.

ఆదిలాబాదు గోండులు మొదలగు షెడ్యూల్డు తెగలకు, కేంద్రప్రభుత్వ ప్రకటన లేనిదే, 1956 చట్టము వర్తింపదు. వారికి ఆచారమే ప్రమాణము. కుమార్తెలను ఇట్లు విడుచుట విషయమున చట్టసవరణను పరిశీలింపవలయునని 2022 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము కేంద్రమునకు సూచించినది. 2025 జూలై 17న ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబమునకు సంబంధించిన వ్యాజ్యమున, స్త్రీకి పాలు నిషేధించు ఆచారము రుజువు కానప్పుడు సమానత్వమే ప్రమాణమని, ఆమె సంతానమునకు సమభాగము నిచ్చినది.

విరాసత్ నమోదు

2018 మే 10న రైతుబంధు పథకము జమ్మికుంటకు సమీపమున హుజూరాబాదు ప్రాంతపు శాలపల్లి-ఇందిరానగర్‌లో ప్రారంభమైనది. పాసుపుస్తకమున ఎవరి పేరుండునో వారికే సొమ్ము చేరుట వలన, అదివరకు కాగితముగా నున్న పట్టా ఏటేట ధనము తెచ్చునదైనది. విరాసత్ నమోదుపై కుటుంబములలో పట్టుదలయు దానితో పెరుగుట సహజము. 2020 నాటి తెలంగాణ చట్టము వారసుల ఉమ్మడి అంగీకారముపై ఆధారపడి నమోదు చేయించినది. దాని స్థానమున 2025 ఏప్రిల్ 14 నుండి అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము వారసులకు నోటీసు నిచ్చి విచారించు పద్ధతిని, అప్పీలును తెచ్చినది.

ఎట్టి పద్ధతియైనను, రెవెన్యూ నమోదు స్వామ్యమును పుట్టింపదు, పోగొట్టదు. అది శిస్తు, స్వాధీనముల వ్రాత మాత్రమేనని న్యాయస్థానములు పలుమారులు చెప్పినవి. పెదతండ్రి పేర పట్టా అయినంతమాత్రమున మైనరు హక్కు నశింపదు. అట్లని ఉపేక్షింపరాదు. పేరున్నవాడు అమ్ముట సులభము, పేరు లేనివాడు తిరిగి రాబట్టుకొనుట కష్టము. కనుక దరఖాస్తులో మైనర్ల పేర్లను, పుట్టిన తేదీలను, సంరక్షకురాలిగా తల్లి పేరును వ్రాయించుట అవసరము. కుటుంబసభ్యుల ధ్రువీకరణ పత్రమున కుమార్తెల పేర్లు విడువబడినవేమో చూడవలయును.

బీమాకు, బ్యాంకు నిల్వకు వ్రాసిన 'నామినీ' విషయమునను భ్రాంతి కలదు. నామినీ సొమ్మును అందుకొనువాడే గాని వారసులను త్రోసివేయువాడు కాడని 1983లో సర్బతీదేవి వ్యాజ్యమున నిర్ణయింపబడినది. 2015 బీమా సవరణ, తల్లిదండ్రులు, భార్య లేక భర్త, సంతానము నామినీలైనచో వారే సొమ్మునకు హక్కుదారులని మార్చినది. సోదరుడు నామినీ యైనచో పాతన్యాయమే. అతడు సొమ్మును వారసులకు అప్పగింపవలయును. 2018 ఆగస్టు 15న ఆరంభమైన రైతుబీమాలో ఐదు లక్షల రూపాయలు నామినీకే చెల్లింపబడును. కావున తండ్రి జీవించియుండగనే ఆ గడిలో ఎవరి పేరున్నదో చూచుకొనుట పిల్లలకు మేలు.

ఉపసంహారము

విజ్ఞానేశ్వరునినుండి 2020 నాటి తీర్పువరకు గల విచారణలో మూడంశములు తేలుచున్నవి. సంతానపు హక్కు జన్మచేతనో తల్లిదండ్రుల మరణముచేతనో కలుగును గాని, జ్ఞాతుల సమ్మతిచేతను, కార్యాలయపు ముద్రచేతను కలుగదు. కుమార్తె, దత్తుడు, గర్భస్థ శిశువు, చెల్లని వివాహమున పుట్టిన బిడ్డ, వీరందరును చట్టము దృష్టిలో పాలుగలవారే. బాలుని ధనమును పట్టుకొనినవాడు తల్లియైనను పెద్దయైనను కావలివాడే గాని స్వామి కాడు.

కౌటిల్యుడు గ్రామవృద్ధులకు అప్పగించినది పంపకపు అధికారము కాదు, కాపుదల. తండ్రిలేని పిల్లల యింట నేడు కూర్చుండు పెద్దలు మొదట అడుగవలసినది భూమి ఎవరి పేర వ్రాయవలయునని కాదు. పిల్లలెందరు, వారి వయస్సెంత, ఇంకను పుట్టవలసినవారు కలరా అని. ఆ ప్రశ్నలకు సమాధానము దొరికిన పిదప లెక్క కష్టము కాదు.